మా బజారుకు కన్నడం రాని రోజు

మా బజారు మొత్తానికి ఒక్క పూటలో కన్నడం మరిపించిన మొనగాణ్ణి నేనే. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు. తాతల నాటి నుంచి నోట్లో నానుతున్న భాషను, బెల్లం అంగడి నుంచి బంగారం అంగడి దాకా ఒక సాయంత్రం కాళ్ళరిగేలా తిరిగి, అందరి నోళ్ళలోంచీ లాగేశాను. మర్నాడు ఒక చదువుకున్న మనిషి వచ్చి అడిగితే అందరూ "రాదు సార్" అన్నారు. ఒక్కరూ మాట తప్పలేదు. బంద్ అని చాటింపు వేస్తే ముందు తలుపు మూసి వెనక తలుపులోంచి సరుకు అమ్ముకునే జనం వాళ్ళు. అలాంటి వాళ్ళను ఒక మాట మీద నిలబెట్టాను. నా సలహా అంత గట్టిది. నా జీవితంలో నేను ఇచ్చిన సలహాలన్నిటిలోకీ అంత పనికిమాలినది కూడా మరొకటి లేదు.

మాది ధర్మవరం చీరల అంగడి. ఊరు ధర్మవరం కాదు. దానికి పడమరగా, కన్నడ సీమకు బస్సులో గంట దూరంలో ఉన్న ఊరు. పెళ్ళిళ్ళ కాలంలో మా పరుపు మీద కూర్చునేవాళ్ళలో సగం మంది అటునుంచి వచ్చినవాళ్ళే. మాతో వచ్చీరాని తెలుగు మాట్లాడేవాళ్ళు, తమలో తాము కన్నడం మాట్లాడుకునేవాళ్ళు. "చెన్నాగిదె అంత హేళ్బేడ్వే" అని తల్లి కూతురి మోచెయ్యి గిల్లేది. బాగుందని చెప్పొద్దు, ధర పెంచుతాడు అని. అది మా చెవిన పడితే ఆ చీర ధర ఇక దిగేది కాదు. ఇంకో ఆమె "ఇది వద్దు, పక్క అంగడిలో ఇంతకన్నా మంచిది చూశాం, లేద్దాం" అని కన్నడంలో గొణిగేది. అది చెవిన పడితే మేము ఆమె లేచేలోపలే కొంచెం దిగేవాళ్ళం. ఏమీ విననట్టు, మనసుకు తోచి దిగినట్టు.

ఈ విద్యలో నాకు గురువు మా నాయన. డెబ్బైలలో, నాకింకా మీసం రాని వయసులో, గల్లా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. కన్నడం నేర్పలేదు, అది గాలికే వచ్చేది. వచ్చిన కన్నడాన్ని ముఖం మీదికి రానివ్వకుండా ఆపడం నేర్పాడు. కన్నడంలో తమాషా మాట పడితే నవ్వకూడదు. తిట్టు పడితే కళ్ళెత్తకూడదు. ఒకసారి ఒక పెద్దావిడ నా ముక్కు గురించి తన చెల్లెలితో ఏదో అంది. నేను పక్కకు తిరిగి నవ్వాను. వాళ్ళు వెళ్ళిపోయాక నాయన చీర మడతపెడుతూ అన్నాడు.

"నవ్వితివి గదరా. ఇంగ ఆమె ఈ అంగట్లో కన్నడం మాట్లాడతాదా?"

"నా ముక్కు మీద జోకు ఏసింది నాయనా."

"ముక్కు నీది. అంగడి నాది. ముక్కును ఏమన్నా అననీ."

మా బజారులో భాష ఎంత వచ్చో కొలిచే పద్ధతి అదీ. ఎంత మాట్లాడగలవని కాదు, ఎంతసేపు రానట్టు కూర్చోగలవని. ఆ కొలత ప్రకారం నాయన రెండు భాషల్లో మహాపండితుడు. కన్నడంలో ఏమన్నా, ఉర్దూలో ఏమన్నా, ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలాగే ఉండేది. నేను ఏదో పాసు మార్కులవాణ్ణి.

ఎనభైల మొదట్లో నాకు పెళ్ళయింది. పిల్లది సరిహద్దు అవతల పావగడ వైపు. వాళ్ళింట్లో తెలుగు, బళ్ళో కన్నడం. పంతులమ్మ శిక్షణ కూడా పూర్తిచేసింది. మా ఊరి బళ్ళో కన్నడ తరగతి ఒకటి ఉండేది. అటు సీమ నుంచి కోడళ్ళను తెచ్చుకున్న ఇళ్ళ పిల్లలు, మగ్గం పనికి అటునుంచి వచ్చినవాళ్ళ పిల్లలు అందులో చదివేవాళ్ళు. ఆ తరగతికి నా భార్యను తాత్కాలికంగా పెట్టుకున్నారు. ప్రతి ఏడూ బళ్ళు తెరిచేదాకా ఉంటుందో ఊడుతుందో తెలియని పని. అయినా ఆమె ఆ పనిని ప్రాణంగా చూసుకునేది. పొద్దున కొంగు సర్దుకుని వీధిలోకి దిగేటప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది. మా ఇంటి కోడలి నడక కాదు అది.

ఒకరోజు ఆమె బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా అంగట్లో నిలబడి చెప్పింది. పైనుంచి ఒకాయన వస్తున్నాడట. బజారులో జనానికి ఎన్ని భాషలు వచ్చు, ఎంత వచ్చు, ఎక్కడ ఏది వాడతారు అని కొలుస్తాడట. కన్నడం ఉందని తేలితే తరగతి ఉంటుంది, ఆమె పని ఖాయమవుతుంది. లేదని తేలితే రెండూ పోతాయి.

"మీ బజారోళ్ళకు చెప్పు. అబద్ధం ఏమీ చెప్పబన్లేదు. ఉండేది ఉన్నెట్ల చెప్తే సాలు."

"అట్లే. నాకు ఒదిలిపెట్టు."

"నీకు ఒదిలిపెట్టేకే నాకు బయం."

ఉన్నది ఉన్నట్టు చెప్పాలట! ఆమె అమాయకత్వానికి నాకు జాలేసింది. కరువు సీమలో ఎవరైనా కాగితం, కలం పట్టుకుని వచ్చారంటే ఎందుకు వస్తారో మాకు తెలియదా? ఏమి లేదో రాసుకోవడానికి వస్తారు. వాన లేదు, గడ్డి లేదు, గింజ లేదు. లేనివాడికి ఇస్తారు, ఉన్నవాణ్ణి నీకుంది కదా పో అంటారు. ఒక కరువులో పశువుల గడ్డి కోసం లెక్క రాసేటప్పుడు, మా అమ్మ పుట్టింటి ఊళ్ళో ఒక రైతు తన ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, వాకిట్లో కట్టేశాడట. ఇంత నిగనిగలాడే ఎద్దులకు గడ్డెందుకయ్యా అని వచ్చినవాళ్ళు పక్క వాకిటికి పోయారట. ఎద్దులను చేని వెనక దాచినవాళ్ళకు గడ్డి దొరికింది.

అందుకని నేను లెక్క వేశాను. కన్నడం వచ్చంటే ఏమంటారు? వచ్చు కదా, ఇంకా పంతులమ్మ ఎందుకంటారు. రాదనాలి. రాక అల్లాడిపోతున్నామనాలి. మనం రాదని బిగదీసుకు కూర్చుంటే వచ్చినాయనే "కొంచెమైనా రాదా?" అని బతిమాలతాడు. అప్పుడు పోనీ కొంచెం అని ఒక మెట్టు కదలాలి. అక్కడ బేరం తెగ్గొడితే ఒక పంతులమ్మ ఖాయం కావడం కాదు, ఇంకో పంతులమ్మ కూడా వస్తుంది. పైగా మా కన్నడం గుట్టు బయటపడకుండా లోపలే ఉంటుంది. ఒక్క మాటతో రెండు లాభాలు. ఆ సాయంత్రం నా తెలివికి నేనే మురిసిపోయి అంగడి అంగడికీ బయల్దేరాను.

ఎదురుగా పాత్రల అంగడి పెద్దాయన ఉండేవాడు. వరస కలిపి మామా అని పిలిచేవాణ్ణి గానీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఒక్కడే కాస్త అడ్డం తిరిగాడు.

"రాదని చెప్పల్లా? మా మనవరాలు మీ ఇంటామె దగ్గరే గదప్పా సదువుతాండేది. ఆ పిల్ల నన్ను కన్నడంలోనే తిడతాది."

"రేపు ఒక్కరోజు తిట్టొద్దని చెప్పు మామా."

"తిట్టకుంటే దానికి అన్నం అరగదు."

"తెలుగులో తిట్టమను."

"తెలుగులో తిడితే నాకు కోపం వస్తాది గదప్పా!"

ఆ ఒక్క ముక్కలో ఉన్నంత సమాచారం ఆ మర్నాడు వచ్చిన ఆయన సంచి మొత్తంలో లేదు. కానీ అది రాసుకోవడానికి ఆయన సంచిలో గడి లేదు. నాకూ అప్పుడది సమాచారంలా కనపడలేదు, అడ్డంకిలా కనపడింది. మామను కూడా ఒప్పించాను. నా భార్యకు మాత్రం ఈ ఎత్తు చెప్పలేదు. బేరం ముగిసేదాకా ఇంట్లో చెప్పే అలవాటు మా వంశంలోనే లేదు.

ఆదివారం ఆయన దిగాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు, మా ఎండకు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. సంచిలో బొమ్మల అట్టలు, పరుగుపందెం గడియారం ఒకటి, ఒక టేప్ రికార్డరు. మా అంగట్లో పరుపు పెద్దది కాబట్టి నలుగురినీ అక్కడికే రమ్మన్నాడు. మొదట నాయనతో మొదలుపెట్టాడు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ?"

"తెలుగే సార్."

"దేవుడితో?"

"దేవునితో మాట్లాడే పని మా ఆడోళ్ళది."

"లెక్కలు వేసేటప్పుడు? కోపం వచ్చినప్పుడు? కలలో?"

"కరువులో కలలు యాడివి సార్. నిద్ర పడితే గదా."

ఆయన తల కూడా ఎత్తకుండా 'కలలు: వర్తించదు' అని రాసుకున్నాడు. అదేదో నాయనకు కలలు మంజూరు కాలేదన్నట్టు.

తరవాత నా వంతు. ఆయన దగ్గర నాలుగు మెట్ల నిచ్చెన ఒకటి ఉంది: బాగా వచ్చు, ఓ మోస్తరు, కొద్దిగా, అసలు రాదు. అర్థం చేసుకోవడానికి ఒకసారి ఎక్కాలి, మాట్లాడటానికి ఒకసారి, చదవడానికి, రాయడానికి మళ్ళీ మళ్ళీ. మనిషి నోట్లో కలగలిసి ఉన్నదాన్ని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, ముక్కముక్కకూ గజం కట్టె పెడతారట. అదీ శాస్త్రం.

"అసలు రాదు సార్" అన్నాను. అని, ఎదురు మాట కోసం ఆగాను. అసలా? ఒక్క ముక్క కూడానా? సరిహద్దు పక్కనే ఉండి? అంటాడని. నా తరువాతి మెట్టు నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఆయన రాసుకుని, పేజీ తిప్పాడు.

మొదటి మాట రాసేసుకుని పేజీ తిప్పే మనిషిని మా బజారులో నేనెప్పుడూ చూడలేదు. ధర అడిగి, చెప్పినంతా కిక్కురుమనకుండా దుడ్లు ఇచ్చి, చీర చంకన పెట్టుకుని పోయే గిరాకీని చూస్తే ఎంత భయమేస్తుందో అంత భయమేసింది. "అంటే సార్..." అన్నాను. "తరువాతి వారండీ" అన్నాడు.

గడియారం నొక్కి బొమ్మలు చూపించాడు. వంకాయ బొమ్మ రాగానే పాత్రల మామ "బదనె" అని కన్నడం మాట సగం అనేసి, నావైపు చూసి, దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గుకు కూడా గడియారం నడిచింది. సున్న పడింది.

ఆఖరున టేప్ పెట్టాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి: కన్నడం కొలవడానికి వచ్చిన ఆ పెద్దమనిషికి కన్నడం రాదు. టేపులో ఫలానా చోట నవ్వు రావాలని ఆయన కాగితంలో గుర్తు పెట్టుకున్నాడు. అక్కడికి వచ్చేసరికి మా ముఖాలు చూస్తాడు. నవ్వితే అర్థమైనట్టు.

టేపులో ఒక పిసినారి కథ. మధ్యాహ్నం వేళకు ఇంటికి చుట్టం వస్తాడు. పిసినారి వసారాలో కూర్చునే లోపలికి కేకేస్తాడు, వంట అయిందా అని. లోపలి నుంచి పెళ్ళాం అమాయకంగా జవాబిస్తుంది: "నువ్వు చెప్పమన్నట్టే, ఇంకా కాలేదు!"

చెప్పిన గొంతు ఎవరిదో గానీ ప్రాణం పోసి చెప్పింది. నాకు నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. పాత్రల మామ చెవులు ఎర్రబడ్డాయి. నాయన మాత్రం టేప్ రికార్డరును రోలు చూసినట్టు చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ చేసిన సాధన వృథా పోతుందా? పరుపు మీద ఒక్క పెదవి కదల్లేదు. ఆయన మా ముఖాలన్నీ చూసి, సున్నలు వేసుకుంటూ పోయాడు.

అప్పుడు లోపలి గుమ్మం పరదా వెనక నుంచి పకపకా నవ్వు వినపడింది. నా భార్య టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉంది. నవ్వుతూనే మా ముఖాలు చూసింది. నవ్వు ఆగిపోయింది. ఏం జరుగుతోందో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"సార్, వీళ్ళందరికీ కన్నడం వస్తాది సార్. రానట్ల నటిస్తాండారు."

"మేడమ్, దయచేసి మీరు కలగజేసుకోకండి. ఫలితం పాడవుతుంది."

"నటిస్తాండేది మీకు కనపడ్లేదా?"

"కనపడిందే రాస్తున్నానండీ. ఎవరూ నవ్వలేదు."

"నేను నవ్వితిని గదా!"

"మీరు నమూనాలో లేరండీ."

ఆమె పళ్ళెం కింద పెట్టింది. గ్లాసులు పెట్టిన చోటే చల్లారిపోయాయి.

ఆయన వెళ్ళాక, అంగడి తలుపు దగ్గరకు వేసి, నా ఎత్తంతా ఆమెకు విడమరిచి చెప్పాను. ఎద్దుల కథ చెప్పాను. మొదటి మాట, రెండో మాట తేడా చెప్పాను. పైగా మనకు కన్నడం వచ్చని పదిమందికీ తెలిస్తే రేపు గిరాకీలు మన ముందు నోరు విప్పుతారా అని కూడా అన్నాను. అంతవరకూ కోపంగా విన్న మనిషి ఆ ఆఖరి మాటకు నన్ను చూసిన చూపు కోపం కాదు.

"ఏమప్పా, మీకు తెలీదని వాళ్ళు నమ్ముతాండారనుకుంటివా? నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఈ బజారుకే పిలచకొస్తాండె. కన్నడంలో ఏమేం అనల్లో బస్సులోనే నేర్పిపెడతాండె. పక్కంగట్లో మంచిది చూస్తిమి అనల్ల, లేద్దాం పా అనల్ల. వాళ్ళు రానట్ల కూచుంటారు, కానీ ఇంటారు, ఇని దిగుతారు అంటాండె. మా ఊరి ఆడోళ్ళంతా అంతే."

నాయన గల్లా దగ్గర నుంచి నెమ్మదిగా అన్నాడు. "అందరూ అట్లుండర్లేమ్మా."

"పెండ్లి చీరలు కొనేకి వచ్చేటోళ్ళు మామా వాళ్ళు. పిచ్చోళ్ళు గాదు."

నాయన చేతిలోని చీరను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. ఇన్నేళ్ళుగా మేము దొంగచాటుగా విన్నామనుకున్నదంతా మాకు వినిపించడానికి అన్నదే. మేము దిగిన ప్రతి మెట్టూ ఎవరో బస్సులో ముందే లెక్క కట్టుకున్నదే. దాచుకున్నామనుకున్న సొత్తు దాచినట్టే లేదు. దాన్ని కాపాడటానికి మాత్రం నేను ఇంటి మనిషి పనిని అడ్డం పెట్టాను.

పొద్దున్నే బస్టాండుకు పరుగెత్తాను. ఆయన గుంతకల్లు బస్సు కోసం ఒక రాతి బల్ల మీద కూర్చుని ఉన్నాడు, రైలు అక్కడ పట్టుకోవాలట.

"సార్, నిన్న నేను చెప్పింది మొదటి మాట."

"అంటే ఏమిటండీ?"

"అంటే, మీరు కాదనల్ల. అప్పుడు నేను ఇంగో మాట చెప్పల్ల. మీరు కాదన్లేదు."

"మేము కాదనకూడదండీ. మొదటి జవాబే మాకు ప్రమాణం. రెండో జవాబు మా ఒత్తిడి వల్ల వచ్చినట్టు లెక్క."

"మొదటిది మా అలవాటు వల్ల వచ్చింది సార్. నాకు కన్నడం వస్తాది, వినండి" అని గుక్క తిప్పుకోకుండా కన్నడంలో మొదలుపెట్టాను. చీరల రకాలు, అంచులు, మా ఊరి దుమ్ము, నా మూర్ఖత్వం, అన్నీ చెప్పాను. మనిషి ముందు అంత కన్నడం బాహాటంగా మాట్లాడటం నాకు అదే మొదటిసారి. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇది కన్నడమో కాదో నేను చెప్పలేనండీ. నాకు రాదు."

"రాకుండా ఎట్ల కొలుస్తారు సార్?"

"రాకూడదండీ. వస్తే నా అభిప్రాయం కలిసిపోతుంది." తరవాత ఆయనే అడిగాడు. "మరి వచ్చినప్పుడు రాదని ఎందుకు చెప్పారు?"

"లేదంటే ఇస్తారని."

"ఇది లేనిది రాసుకునే సర్వే కాదండీ. ఉన్నది రాసుకునే సర్వే."

"ఉండేది రాసుకునే సర్వే మా జిల్లాకు ఇంతవరకూ రాలేదు సార్. మాకెట్ల తెలుస్తాది?"

ఆయనకు నిజంగానే బాధ కలిగినట్టు కనపడింది. చెడ్డవాడు కాదు. రూళ్ళకర్రను ఎవరైనా చెడ్డదంటారా? అది తన పొడవు మించి చూడలేదు, అంతే. ఈలోపల బస్సు వచ్చింది. కాగితాల సంచి నేనే అందించాను. దాన్ని చేతికివ్వకుండా పరుగెత్తి పారిపోదామన్న ఆలోచన కూడా వచ్చింది గానీ, పిరికివాణ్ణి.

బళ్ళు తెరిచేసరికి కన్నడ తరగతి లేదు. ఈ ఊళ్ళో రెండో భాష వాడకం నామమాత్రం అని తేలిందట. ఆ గదిలో విరిగిన బల్లలు పెట్టి తాళం వేశారు. ఇంటి బయట రెండో భాష లేనిదే టీ కూడా దొరకని ఊరికి ఆ తీర్పు. ఆ సంగతి తెలిసిన రోజు బజారులో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అందరూ నా మాట విని రాదన్నవాళ్ళే కదా. పాత్రల మామ ఒక్కడే, "నీ బేరం బాగా కుదిరిందప్పా" అని తన అంగట్లోకి వెళ్ళిపోయాడు.

నా భార్య నాతో పోట్లాడలేదు. పుట్టింటి వైపు దరఖాస్తులు పెట్టుకుంది. ఒక ఏడాది ఖాళీగా తిరిగాక సరిహద్దు అవతల ఒక బళ్ళో పని దొరికింది. చీకటి విచ్చుకునేటప్పుడు బస్సెక్కి, దీపాలు పెట్టేవేళకు వచ్చేది. వానాకాలంలో కూడా వాన లేని మా దారిలో ఆ దుమ్మంతా ఆమె జుట్టులోకి చేరేది. నేను వంట నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అంటే, నాయన తిన్నాడు.

ఇక లెక్క. నేను బేరగాణ్ణి కాబట్టి ఎవరినీ మోసం చేయకుండా చెబుతాను. కనీసం ఈ ఒక్క చోట.

దాచిన కన్నడం వల్ల వచ్చింది: ఏమీ లేదు. రెండో పంతులమ్మ: రాలేదు. పోయినవి చెప్పాలంటే, ఊళ్ళో ఒక తరగతి పోయింది. అందులో పిల్లలు కొందరు తెలుగు తరగతికి మారి నెట్టుకొచ్చారు. పాత్రల మామ మనవరాలు మారి, కుదురుకోలేక, ఏడాది తిరిగేలోపల బడి మానేసి అంగట్లో కూర్చుంది. అది నా ఖర్చులోకే వస్తుంది. తప్పు కొలిచినవాడిది సగం అని చాలా ఏళ్ళు సగం అతని పేరున రాసి చూశాను. నిలవలేదు. అతనికి నేనిచ్చిందే అతను రాసుకున్నాడు.

నా భార్యకు అవతల పని ఖాయమైంది, పెద్ద పంతులమ్మ కూడా అయింది. అదంతా చివరికి మంచికే జరిగిందని నా వైపు జమ వేసుకోవడానికి ఎన్నోసార్లు కలం ఎత్తాను. కానీ ఆ పని ఆమె తెచ్చుకున్నది. ఆ బస్సులో కూర్చున్నది ఆమె. నాకు మిగిలింది రోజూ సాయంత్రం బస్టాండులో నిలబడి ఆమె సంచి అందుకోవడం. దానికి ఆమె వెల కట్టలేదు, నేనూ అడగలేదు.